31 ఇంచుల టైరు అడిగితే ఇయ్యనన్న షాపు

తిరపతిలో రేణిగుంట రోడ్డు మీద ఒక పాత టైర్ల షాపు ఉండాది. పేరు రాయొద్దని షాపు పెద్దాయనే చెప్పినాడు, "పేరు రాస్తే రేపు పొద్దున్నే పది థార్ జీపులు వచ్చి నిలబడతాయి, నాకు ఉండేది ఇద్దురు పిల్లోళ్ళు" అని. సరే రాయను. ముందర టీ బంకు, పక్కన లారీ టైర్ల గుట్ట, లోపల గోడకి పాత కాలం టైర్ల క్యాలెండరు, ఈ మూడూ చెప్తే ఆ రోడ్డులో తిరిగేవాళ్ళకి అర్థమైపోతుంది.

నా బండి మారుతీ జిమ్నీ, ఐదు డోర్లది, మాన్యువల్. దామలచెరువు పక్క మాకు మామిడి తోట ఉండాది, వానొస్తే అక్కడి దావలో ట్రాక్టరే జారుతుంది, అందుకే ఈ బండి కొన్నా. కొన్నాక వీడియోలు చూసి చూసి మనసాగక వేరే ఊర్లో ఒక పెద్ద షాపుకి పోయి 2 ఇంచుల లిఫ్ట్, అంటే బాడీని పైకి లేపేది, ఏపిచ్చినా. వాళ్ళు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చి, "లిఫ్ట్ చేసినాక ఈ సన్న రిమ్ములు బాగుండవు సార్" అని 15 ఇంచుల 8జె రిమ్ములు, అంటే 8 ఇంచుల వెడల్పువి, ఆఫ్‌సెట్ మైనస్ 20, అంటే హబ్బుకి ఆనే చోటు రిమ్ము మధ్య గీత కన్నా 20 ఎంఎం లోపలికి ఉండి చక్రం అంత బయటికి వస్తుంది, వాటికి 235/75 ఆర్15 ఆల్ టెర్రైన్ టైర్లు, రోడ్డుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చేవి, తగిలించినారు. ఫోటోల్లో సింహం మాదిరి ఉండాది, అది ఒప్పుకోవాల్సిందే. నడిపేటప్పుడే తెలిసింది సంగతి. 80 దాటితే స్టీరింగ్ ఒక చోట నిలవదు, బ్రేకేస్తే ఏ గుంతుంటే ఆ పక్కకి గుంజుతుంది, వాన పడితే బురదంతా డోరు మీద నుంచి అద్దం దాకా ఎగురుతుంది, యూ టర్న్ తిప్పితే ముందు బంపరు మూలకి టైరు గర్రున రాసుకుంటుంది.

నేనేమో తెలివితక్కువోడు మాదిరి, దీనికి మందు ఇంకా పెద్ద టైరే అనుకున్నా. 31 ఇంచుల ఎత్తుది, 31 ఇంటు 10.5 ఆర్15, అది తెప్పిచ్చి ఇస్తారా అని అడిగేదానికి పోయినా ఈ షాపుకి.

పెద్దాయన అవునూ అన్లేదు కాదూ అన్లేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు టైరు కాడ కూర్చోని, జాకీ ఏసి చక్రం ఇప్పిచ్చినాడు. దాన్ని బోర్లా ఏసి వెనక పక్క అడ్డంగా ఒక ఇనప పట్టీ పెట్టి, ఆ పట్టీ నుంచి హబ్బుకి ఆనే చోటు దాకా టేపుతో కొల్చినాడు. మళ్ళీ డిక్కీ డోరుకి ఉండే కంపెనీ స్టెప్నీ ఇప్పిచ్చి దాన్నీ అట్లే కొల్చి, చాక్‌పీస్ తీసి నేల మీదే లెక్క ఏసినాడు. కంపెనీ రిమ్ము 5.5జె, ఆఫ్‌సెట్ ప్లస్ 5, అంటే హబ్బు నుంచి బయటికి రిమ్ము అంచు 65 ఎంఎం కాడ ఉండాది. నాది 8జె మైనస్ 20, అంచు 122 కాడ ఉండాది. "57 ఎంఎం బయటికి పోయింది నాయినా, ఒక్కో పక్కకి రెండు ఇంచుల పైనే, ఆ బరువంతా యాడ ఏలాడతా ఉండాది అనుకున్నావు? బేరింగు మీద" అన్నాడు. స్టీరింగ్ గుంజేది కూడా దీంతోనే అంట, చక్రం తిరిగే ఇరుసు గీత నేలని తాకే చోటు, టైరు మధ్య భాగం నేలని తాకే చోటు, ఈ రెండూ ఎంత దూరమైతే అంత గుంజుతుంది. నేను రెండేళ్ళుగా చూసిన వీడియోల్లో ఈ ముక్క ఒక్కడు చెప్పలేదు.

31 గురించి అప్పుడు అడిగినా మళ్ళీ. నవ్వినాడు. కంపెనీ టైరు 195/80 ఆర్15, 195లో 80 శాతం 156, కిందా పైనా కలిపి 312, దానికి 15 ఇంచుల రిమ్ము 381 కలిపితే 693 ఎంఎం ఎత్తు. ఇప్పుడుండే 235/75 అయితే 733. నువ్వడిగేది 787. "1.5 లీటరు ఇంజను, 105 గుర్రాలు, భాకరాపేట ఘాట్‌లో మూడో గేరులో ఎక్కుతుందా ఇది, రెండులో ఏడుస్తుంది. పైగా నీ 2 ఇంచుల లిఫ్ట్‌కి అది పట్టదు, బంపరు కోయాల, లోపల ప్లాస్టిక్ కోయాల. నేను ఇయ్యను, కావాలంటే యాడన్నా ఏపిచ్చుకో" అని చెప్పేసినాడు. ఒక్కోటి పదివేలు పైన పలికే టైర్లు ఐదు అమ్మే బేరం అది, ఒద్దనుకున్నాడు.

ఇంగో మాట చెప్పినాడు, లిఫ్ట్ ఏపిచ్చుకున్నోళ్ళు శానామందికి ఇది తెలీదు. జిమ్నీకి ముందూ వెనకా రెండూ గట్టి యాక్సిళ్ళే, రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు, స్ప్రింగు పెద్దది ఏస్తే బాడీ పైకి లేస్తుంది గానీ యాక్సిల్ మధ్యలో ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. రాయికి తగిలేది అదే కదా. దాన్ని లేపేది టైరొక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగం. నాకు 40 ఎంఎం ఎత్తు పెరిగితే దాని కింద వచ్చింది 20 ఎంఎం! వేలల్లో ఖర్చు పెట్టి రెండు వేళ్ళ మందం కొనుక్కున్నా.

ఆఖరికి ఆయన చెప్పింది ఏందంటే టైర్లు అవే ఉంచు, రిమ్ములు మార్చు. 235/75 ఆర్15 టైరుకి 6 నుంచి 8 దాకా వెడల్పుండే రిమ్ములు పడతాయి, కంపెనీ 5.5 దానికి చాలదు. 8 సరిగ్గా ఆఖరి అంచు. 6.5 ఎయ్యి, ఆఫ్‌సెట్ సున్నా, బయటికి 18 ఎంఎం, లోపలికి 8 ఎంఎం పోతుంది, ఎక్కడా తగల్దు అన్నాడు. రిమ్ములే కొనలేను అనేవాళ్ళకి కూడా దారి చెప్పినాడు, 215/75 ఆర్15 తీసుకుంటే కంపెనీ 5.5 రిమ్ముకే కూర్చుంటుంది, ఎత్తు 10 ఎంఎం పెరుగుతుంది, పట్టు మాత్రం బాగా తేడా. నా మాదిరి కాకుండా మొదుట్నే పోయుంటే నేను అదే తీసుకోనుందును.

సన్న రిమ్ము ఎందుకు మేలో నాకు ముందే ఒక దెబ్బతో తెలియాల్సింది, అప్పుడు బుర్రకి ఎక్కలేదు. స్వర్ణముఖి ఏటి ఇసకలో దిగినప్పుడు గాలి 15 పీఎస్ఐకి తగ్గిచ్చి తిప్పినా, ఒక మలుపులో ముందు టైరు అంచు రిమ్ము నుంచి బుస్సుమని ఊడొచ్చింది. ఎండలో ఇసకలో జాకీ దిగబడిపోతా ఉంటే కింద పెట్టేదానికి పక్క చేన్లో వాళ్ళని పలక అడుక్కోని గంటన్నర పట్టింది. వెడల్పు రిమ్ముకి టైరు అంచులు పక్కలకి చాపుకోని ఉంటాయి, గాలి తగ్గిస్తే పట్టు వదిలేస్తాయి, సన్నగా ఉంటే టైరు పక్కలు బయటికి ఉబ్బి అంచుని పట్టుకోనుంటాయి, రాయి తగిలినా ముందు రబ్బరుకి తగుల్తుంది గానీ రిమ్ముకి తగల్దు. పెద్దాయన నా 8జె రిమ్ము అంచు మీద వేలు పెట్టి గీతలు చూపిచ్చినాడు, నాలుగింటికీ ఉండాయి.

6.5 రిమ్ములు తెప్పిచ్చేదానికి మూడు వారాలు పట్టింది, ఇది ఒక మైనస్సు. ఫోన్ చేస్తే ఎత్తడు, పోతే "రేపు రా" అంటాడు, అట్లా నాలుగు రేపులు. కార్డు తీసుకోడు. ఏసీ లేదు, కూర్చునే చోటంటే ఆ లారీ టైర్ల గుట్టే. శుక్రవారం మధ్యాన్నం మూసుంటుంది, అది తెలీక ఒకసారి ఎండలో ఊరికే తిరిగొచ్చినా.

పని మాత్రం చూడాల. పాత టైరు ఇప్పేటప్పుడు రిమ్ముకి గీత పడకుండా గుడ్డ పెట్టి ఇప్పినాడు పిల్లోడు, బ్యాలెన్సింగు నాలుగింటికీ కాదు ఐదింటికీ చేసినారు. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాల అని పట్టుబట్టినాడు, ఎందుకంటే ఈ బండి ఫోర్ వీల్‌లో పెట్టినప్పుడు ముందూ వెనకా ఒకే లెక్కన తిరుగుతాయి, ఒక చక్రం 693, మిగతావి 733 ఉంటే ఇంజను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మధ్యలో నలిగిపోతుంది. లిఫ్ట్ ఏసినోళ్ళు నాకు నాలుగే అమ్మినారు, ఐదోది ఉండాలని ఒక్క మాట చెప్పలేదు. నట్లు తుపాకి మిషన్‌తో బిగిచ్చి వదల్లేదు, టార్క్ రెంచి పెట్టి టిక్కు అనేదాకా చేత్తో బిగిచ్చి, 100 కిలోమీటర్లు తిరిగినాక మళ్ళీ రా అన్నాడు. గాలి కూడా అంతే, టైరు అచ్చు మీద అడ్డంగా చాక్‌పీస్ గీత గీసి బండిని ఒక ఇరవై అడుగులు ముందుకి తోలమన్నాడు, మధ్యలో మాత్రం చెరిగింది, పక్కల్లో ఉండిపోయింది. గాలి ఎక్కువ. రెండు పీఎస్ఐ తీసి మళ్ళీ గీత, మళ్ళీ తోలేది. మూడోసారికి గీత మొత్తం ఒకేలా పోయింది.

స్టీరింగు సగం నయమైంది. మిగతా సగం టైర్లది కాదని ఆయనే చెప్పినాడు, లిఫ్ట్ చేస్తే ముందు యాక్సిల్ కాస్త తిరిగి క్యాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు గీత వెనక్కి వాలుండే కోణం, తగ్గిపోతుంది, దానికి వేరే బుష్‌లు ఎయ్యాల, నా కాడ లేవు అని వేరే మెకానిక్ కాడికి పంపినాడు. అవి ఏసినాక ఇప్పుడు 90లో ఒంటిచేత్తో పోతుంది, ఒంటిచేత్తో పట్టుకోనని మా ఇంట్లోవాళ్ళకి చెప్పినాలే. స్పీడోమీటరు మాత్రం తక్కువ చూపిస్తుంది, టైరు 6 శాతం దాకా పెద్దది కదా, తిరుమల కొండ నుంచి మరీ ముందు దిగకుండా టైం చూసుకోని దిగేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఆర్టీవో సంగతి కూడా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉండే వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు, లిఫ్ట్ చేసినోడు ఎవడైనా ఆ భయంతోనే తిరగాల, షాపువాళ్ళు ఏం చెప్పినా సరే.

మొన్న వానలకి తోట కాడికి పోయొచ్చినాక 70 దాటితే బండి దడదడ. బ్యాలెన్సు పోయింది అనుకోని పరిగెత్తినా షాపుకి. పెద్దాయన మిషన్ జోలికే పోలేదు, వంగి రిమ్ము లోపల చెయ్యి పెట్టి, ఎండిపోయిన ఎర్రమన్ను పెళ్ళ ఒకటి అరచెయ్యంత ఊడదీసి నా చేతిలో పెట్టినాడు. "కడిగినావా?" అన్నాడు. నీళ్ళ పైపు నాకే ఇచ్చినాడు. దుడ్లు తీసుకోలేదు, టీకి మాత్రం నన్నే ఇయ్యమన్నాడు, ఇద్దురు పిల్లోళ్ళకి కూడా.