డైనాకో ఎస్‌టీ-70: విశాఖలో కొనేవాళ్లు ముందు బయాస్ చూడండి

1959లో వచ్చిన ఈ వాల్వు ఆంప్లిఫయర్‌ది ఛానెల్‌కు 35 వాట్లు. గొంతు, వయొలిన్ ఇంత నిండుగా పలికే సెట్లు అరుదు. నా మార్కులు అయిదుకి నాలుగు. ఆ ఒక్క మార్కూ బయాస్ సప్లై (వాల్వు లాగే కరెంటుని అదుపులో ఉంచే నెగటివ్ వోల్టేజి ఇచ్చే భాగం) దగ్గర పోతుంది.

అందులో ఏసీని డీసీగా మార్చేది పాత సెలీనియం రెక్టిఫయర్. అది నీరసిస్తే అవుట్‌పుట్ వాల్వులైన ఈఎల్34ల ప్లేట్లు (లోపలి లోహపు రేకులు) ఎర్రబడతాయి. ఎరుపు కనిపిస్తే వెంటనే ఆపేయండి. ఆ రెక్టిఫయర్ బదులు 1ఎన్4007 డయోడ్ వేసి, పక్కనున్న రెండు 50 మైక్రోఫారడ్ కెపాసిటర్లు కూడా మార్చాలి. డయోడ్‌తో వోల్టేజి కాస్త పెరుగుతుంది కాబట్టి బయాస్ పాట్ (వోల్టేజి సర్దే తిరుగుడు మీట) సరైన చోటుకి తిరుగుతోందో లేదో చూసుకోండి.

బయాస్ కొలిచే 15.6 ఓమ్ రెసిస్టర్ మీద 1.56 వోల్టులు అని కంపెనీ లెక్క. అంటే రెండు వాల్వులకీ కలిపి 100 మిల్లీయాంపులు. నేనైతే 1.25 దగ్గర ఆపమంటాను. వాల్వులు ఎక్కువ కాలం వస్తాయి, వినడానికి తేడా తెలియదు. అరగంటయినా రీడింగ్ పైకి పాకుతూనే ఉంటే, ఒకే ఛానెల్‌లోని రెండు వాల్వుల 5వ పిన్ (బయాస్ అందే గ్రిడ్) వోల్టేజి పోల్చండి. ఒకచోట నెగటివ్ తగ్గి ఉంటే, సెట్టు ఆపి, చల్లారాక ఆ రెండు వాల్వుల్నీ అటూ ఇటూ మార్చి మళ్లీ కొలవండి. తేడా పాత సాకెట్ దగ్గరే ఉండిపోతే ఆ గ్రిడ్‌కి సిగ్నల్ అందించే 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్ లీకవుతున్నట్టు. వాల్వుతో పాటు కదిలితే వాల్వుదే లోపం.

హమ్ము వస్తోందా? ముందు ఇన్‌పుట్ షార్ట్ చేయండి. ఆగిపోతే తప్పు ప్రీఆంప్‌దో, కేబుల్‌దో. ఆగకపోతే స్వరం పట్టించుకోండి. మన కరెంటుకి 100 హెర్ట్జ్ హమ్ము అంటే అందరూ నాలుగు భాగాలున్న 30/20/20/20 మైక్రోఫారడ్ ఫిల్టర్ కెపాసిటర్నే అనుమానిస్తారు. కానీ రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే ఈ పుష్-పుల్ పద్ధతిలో ఆ రిపుల్ (సప్లైలో మిగిలిపోయే అల) చెల్లిపోవాలంటే రెండు వాల్వులూ సమానంగా కరెంటు లాగాలి. ఛానెల్ మొత్తానికి పాట్ ఒక్కటే, విడివిడిగా సర్దడం కుదరదు. అందుకే మ్యాచ్ చేసిన జత వేసి చూశాకే కెపాసిటర్ కొనండి. సన్నటి 50 హెర్ట్జ్ గుర్రు అయితే గ్రౌండు, హీటర్ వైరింగు వెతకాలి.

లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో చిటపటలకు మొదటి కారణం సాకెట్లకు పట్టిన చిలుము. చెక్క పుల్లతో వాల్వుని మెల్లగా తట్టితే శబ్దం మారుతుంది. కాంటాక్ట్ క్లీనర్ వాడి, వదులైన పట్టీలను సన్న సూదితో బిగించండి. అంతకుముందు ప్లగ్ పీకేసి, ఫిల్టర్ కెపాసిటర్‌ని రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి, మీటర్‌లో సున్నా చూడండి. లోపల 400 వోల్టులు దాటి ఉంటుంది, ప్రాణం తీస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ అమెరికా 117 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చుట్టింది. కనీసం 300 వీఏ స్టెప్‌డౌన్ (వోల్టేజి తగ్గించే విడి ట్రాన్స్‌ఫార్మర్) పెట్టుకోండి. మన 50 హెర్ట్జ్‌కి సెట్టులోని ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా వేడెక్కుతుంది, గాలాడని షెల్ఫులో పెట్టకండి.