ఎనిమిదేళ్లు పీహెచ్‌డీ నియమావళితో: పర్లాకిమిడి నుంచి ఒక సమీక్ష

2017 జనవరిలో పీహెచ్‌డీలో చేరాను. 2025 ఫిబ్రవరిలో వైవా, అంటే చివరి మౌఖిక పరీక్ష, అయింది. ఈ ఎనిమిదేళ్లూ నా సంచిలో రెండు ఎప్పుడూ ఉండేవి. ఒకటి సవర గిరిజనుల ఊళ్లలో విన్న మాటలు రాసుకున్న నోటుబుక్కు, రెండోది యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2016లో తెచ్చిన పీహెచ్‌డీ నియమావళి ప్రింటు. ఆ రెండోదాన్ని ఇన్నేళ్లు వాడాక నాకు అనిపించింది ఇక్కడ రాస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అక్కడితో ఆంధ్ర మొదలు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, యూనివర్సిటీ కాగితాలు ఇంగ్లీషు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకున్నారు. చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటూ పెరిగినదాన్ని కాబట్టి, గుమ్మ, సెరంగో వైపు సంతల్లో సవరల మాటల్లోకి తెలుగు ఎలా చేరిందో చూడాలనుకున్నాను. అదే నా పరిశోధన.

యూజీసీ పెట్టేది కనీస ప్రమాణం మాత్రమే. దాని మీద ప్రతి యూనివర్సిటీ తన అకడమిక్ కౌన్సిల్‌లో సొంత నియమాలు చేసుకుంటుంది. కౌంటర్ దగ్గర మనకు చెప్పేది ఒక్కోసారి ఈ రెండింట్లోనూ ఉండదు. 2023 జనవరిలో నాకు ఆరేళ్లు నిండాయి. మా యూనివర్సిటీ సెక్షన్‌లో గుమస్తా గారు ఫైలు చూసి, "మేడమ్, మీ రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది. మళ్లీ కొత్తగా చేరాల్సిందే" అన్నారు. పాపకు అప్పుడు రెండేళ్లు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఏడుపు ఆగలేదు. "ఏటమ్మా, ఇన్నాళ్ల చదువూ పోయినట్టేనా?" అని అమ్మ అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

ఆ రాత్రి నియమావళి మొదటిసారి పూర్తిగా చదివాను. గరిష్ఠ కాలం ఆరేళ్లే. కానీ మహిళలకు, 40 శాతం మించిన వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్లు ఇవ్వవచ్చని అందులోనే ఉంది. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు మొత్తం చదువులో ఒకసారి 240 రోజుల దాకా సెలవు కూడా ఉంది. నేను ఆ సెలవు అడగనేలేదు, కాన్పయిన నలభై రోజులకే సెమినార్‌కు వెళ్లాను. మర్నాడు క్లాజు నంబరు వేసి దరఖాస్తు రాసి, నకలు మీద స్టాంపు వేయించుకున్నాను. మూడు వారాలకు పొడిగింపు ఉత్తరం చేతికొచ్చింది. ఆ గుమస్తా గారిది చెడ్డ బుద్ధి కాదు. ఆయన బల్ల మీద ఆ కాగితాలు లేవు, అంతే. చేరిన రోజే మా చేత అది చదివించి, ఆయన చేతికీ ఒక ప్రతి ఇచ్చి ఉంటే ఆ టెన్షన్ ఎవరికీ ఉండేది కాదు.

నియమావళిలో నాకు బాగా నచ్చింది రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ, అంటే పరిశోధనకు సలహాలిచ్చే కమిటీ. ఆరు నెలలకోసారి దాని ముందు మన పని చూపించాలి. గైడ్ ఒక్కరి మాటే తుది మాట కాకుండా ఇది కాపాడుతుంది. ఒక మీటింగ్‌లో ఒక సభ్యురాలు నా పట్టికలోని ఒక మాట చూపించి, ఇది సవరలోకి తెలుగు నుంచి వచ్చిందా, ఒడియా నుంచా, రెండింటికీ సంస్కృతం నుంచి వచ్చిందే ఇక్కడికీ చేరిందా అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో మూడో అధ్యాయం మొత్తం తిరగరాశాను. అలాంటి మీటింగ్ రెండుసార్లు అసలు జరగలేదు. సంతకాలు మాత్రం పెట్టించారు. ఆ ఏడాది నా పని ఎక్కడికక్కడే ఆగిపోయింది.

కోర్స్ వర్క్, అంటే పరిశోధనకు ముందు చదివి పరీక్ష రాయాల్సిన పేపర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 55 శాతం మార్కులు రావాలి, కష్టమేమీ కాదు. పరిశోధనా పద్ధతుల పేపరు నిజంగా పనికొచ్చింది.

ఎక్కువ బాధపెట్టింది ప్రచురణ నిబంధన. థీసిస్ ఇచ్చేలోపు కనీసం ఒక వ్యాసం రిఫరీడ్ జర్నల్‌లో, అంటే నిపుణులు పరిశీలించాకే వేసుకునే పత్రికలో రావాల్సి ఉండేది, సదస్సుల్లో రెండు పత్రాలు చదవాల్సి ఉండేది. తొందరలో అడిగిన ఫీజు కట్టి ఒక పత్రికకు వ్యాసం పంపాను. 2018 మేలో యూజీసీ తాను ఆమోదించిన పత్రికల జాబితా నుంచి 4,305 పత్రికలను తీసేసింది. నాది వాటిలో ఉంది. డబ్బూ పోయింది, ఏడాదీ పోయింది. 2022 నవంబరులో వచ్చిన కొత్త నియమావళి ఈ నిబంధనను ఎత్తేసింది. రీ-రిజిస్ట్రేషన్‌తో కలిపి గడువును ఎనిమిదేళ్లకు, మహిళలకు పదేళ్లకు పెంచింది. అయితే అంతకుముందు చేరినవాళ్లకు పాతదే వర్తిస్తుంది. ఒకే గదిలో పక్క బల్ల దగ్గర కూర్చున్న జూనియర్‌కు లేని షరతు నాకు ఉండేది. అయినా ఎత్తేయడమే సరైన పని అంటాను. ఆ షరతు మా చేత మంచి వ్యాసాలు రాయించలేదు, డబ్బు తీసుకునే పత్రికల వెంట పరుగెత్తించింది.

థీసిస్ ఇచ్చాక ఆరు నెలల్లో మూల్యాంకనం అంతా పూర్తి కావాలని పాత నియమావళిలోనూ ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది. నాది 2024 మార్చిలో ఇచ్చాను. సెప్టెంబరు దాటినా ఏ కబురూ లేదు. అడిగినప్పుడల్లా "రిపోర్టు రాలేదు" అనేవారు. ఎవరి దగ్గర ఆగిందో చెప్పేవారు కాదు. అక్టోబరులో, యూజీసీ 2023లో తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల నియమావళి ప్రకారం మా యూనివర్సిటీ ఫిర్యాదుల కమిటీకి రాశాను. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, అక్కడ తేలకపోతే అంబుడ్స్‌పర్సన్, అంటే ఫిర్యాదుల మీద అప్పీలు వినే అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. నాకు అంతదాకా వెళ్లే అవసరం రాలేదు. ఫిర్యాదు అందిన పది రోజులకే ఫైలు కదిలింది. అయినా వైవా అయ్యేసరికి మొత్తం పదకొండు నెలలు పట్టింది. రాయడానికి చాలా భయపడ్డాను, వైవాలో కక్ష తీర్చుకుంటారేమో అని. అలాంటిదేమీ జరగలేదు.

నా పొడిగింపు కోసం వెతుకుతున్న ఆ రాత్రే ఇంకో క్లాజు కంటపడింది. పెళ్లి వల్లగానీ మరో కారణం వల్లగానీ వేరే చోటికి వెళ్లే మహిళా స్కాలర్ తన పరిశోధన సమాచారాన్ని కొత్త యూనివర్సిటీకి మార్చుకోవచ్చు. పాత గైడ్‌కూ సంస్థకూ తగిన గుర్తింపు ఇవ్వాలి, అది నిధులిచ్చిన ప్రాజెక్టు పని కాకూడదు. నాతోపాటు చేరిన స్నేహితురాలు 2019లో పెళ్లయి విజయనగరం వెళ్తూ చదువు మానేసింది. రెండేళ్ల ఫీల్డ్‌వర్క్ చేసింది. ఇలా ఒక దారి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. మర్నాడే ఫోన్ చేసి ఆ వాక్యం తెలుగులో చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ నోటుబుక్కులన్నీ ఇంకా అటక మీదే ఉన్నాయే" అంది. ఈ ఏడాది అక్కడి యూనివర్సిటీలో ఎంట్రెన్స్‌కు అప్లై చేసింది.