సెక్యూరిటీ కీ: దొంగ పేజీకి లొంగదు, పిన్‌తోనే జాగ్రత్త

సెక్యూరిటీ కీ అంటే లాగిన్ వేళ కంప్యూటర్‌కో ఫోన్‌కో పెట్టి వేలు ఆనించే చిన్న పరికరం. దాని మీద నాకున్న ఇష్టమంతా ఒక్క గుణం వల్లే: అది దొంగ పేజీకి లొంగదు. ఎస్సెమ్మెస్ ఓటీపీ అయినా, ఆథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే 6 అంకెలైనా మనం చూసి కొట్టాల్సిందే. అసలు పేజీ అనుకుని దొంగ పేజీలో కొట్టామంటే, అవతలివాడు ఆ అంకెల్ని అప్పటికప్పుడే అసలు సైట్‌లో వాడేస్తాడు. కీ దగ్గర ఆ పప్పులుడకవు. కీని ఒక సైట్‌లో రిజిస్టర్ చేసినప్పుడే ఆ డొమైన్‌కంటూ (సైట్ చిరునామాకంటూ) విడిగా ఒక రహస్యం తయారవుతుంది. లాగిన్ వేళ మనం ఏ డొమైన్‌లో ఉన్నామో కీకి బ్రౌజరే చెబుతుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా, ఎంతసేపు వేలు ఆనించినా, అసలు సైట్‌లో చెల్లే డిజిటల్ సంతకం (కీ ఇచ్చే జవాబు) రాదు.

2022లో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఉద్యోగులకు ఇలాంటి వల ఎస్సెమ్మెస్‌లో వచ్చింది. ముగ్గురు పాస్‌వర్డ్ ఇచ్చేశారు కూడా. అక్కడ అందరికీ కీలు ఉండబట్టి దొంగలు లోపలికి రాలేకపోయారు.

ఇబ్బందల్లా పిన్‌తోనే. ఇది కీకే సొంతమైన పిన్. కంప్యూటర్ పిన్‌తోనూ ఫోన్ పిన్‌తోనూ దీనికి సంబంధం లేదు. విండోస్‌లో రెంటినీ అడిగే పెట్టెలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, చెయ్యి అలవాటుగా కంప్యూటర్ పిన్ కొట్టేస్తుంది. వరుసగా 3 సార్లు తప్పితే కీ మొండికేస్తుంది, తీసి మళ్ళీ పెట్టాలి. అలా మొత్తం 8 తప్పులైతే లాక్ అయిపోతుంది. మధ్యలో ఒక్కసారి సరిగ్గా కొడితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. లాక్ అయ్యాక కంపెనీవాళ్ళు కూడా తియ్యలేరు, రీసెట్ ఒక్కటే దారి. రీసెట్ చేస్తే అందులోని పాస్‌కీలన్నీ (పాస్‌వర్డ్ బదులు వాడే లాగిన్ రహస్యాలు) పోతాయి, పాత రిజిస్ట్రేషన్లు ఏ సైట్‌లోనూ పనిచెయ్యవు. అప్పుడు ముందే చేర్చి పెట్టుకున్న రెండో కీతో ఒక్కో ఖాతాలోకి వెళ్ళి, పాత ఎంట్రీ తీసేసి, దీన్ని కొత్తగా చేర్చుకోవాలి. అందుకే చేర్చేటప్పుడే ‘తాళాల గుత్తిది’, ‘బీరువాది’ అని పేర్లు పెట్టండి. రెంటికీ ఒకే పేరుంటే ఏది తీసెయ్యాలో తెలియదు.

దొంగ పేజీకి లొంగదన్నాను కదా, ఖాతాలో ఎస్సెమ్మెస్ దారి తెరిచి ఉంచితే ఆ మాటకు అర్థం లేదు. దొంగ ‘ఇంకో పద్ధతిలో ప్రయత్నించు’ నొక్కి ఓటీపీ అడిగిస్తాడు. గూగుల్ ఖాతాలో అయితే ముందు రెండు కీలూ చేర్చాలి. 10 బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద తీసుకోవాలి (ఒక్కొక్కటి ఒక్కసారే చెల్లుతుంది). రెండు కీలతోనూ లాగిన్ అయి చూసుకున్నాకే టూ-స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత రెండో తనిఖీ) సెట్టింగుల్లోంచి ఫోన్ నంబర్ తీసెయ్యాలి. ఈ వరస తప్పితే బయటే నిలబడిపోతారు.

ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీతో (కీని ఫోన్‌కు ఆనిస్తే చాలనే పద్ధతిలో) వాడేటప్పుడు దళసరి కేసు తీసెయ్యాల్సి రావచ్చు. ఐఫోన్‌లో అయితే పై అంచుకు ఆనించాలి.

మెయిల్, గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్), డొమైన్ ఖాతాల మీద బతుకుతెరువు ఉన్నవాళ్ళకు రెండు కీల ఖర్చు దండగ కాదు, నాకైతే కాలేదు. ఉన్నది ఒక్క జీమెయిలే, చేతిలో ఆండ్రాయిడ్ 9 గానీ ఆ పైది గానీ ఉన్న ఫోన్ ఉందంటే మాత్రం అందులోని పాస్‌కీ చాలు. దొంగ పేజీ విషయంలో అదీ ఇంతే గట్టిది, పైసా ఖర్చు లేదు. బ్యాంకు కోసమే కొనాలనుకుంటే ఆగండి, మన బ్యాంకులు చాలావరకు ఇంకా ఓటీపీ మీదే నడుస్తున్నాయి.