35 మి.మీ. దించిన స్విఫ్ట్: 52,000 కిలోమీటర్ల తర్వాత

బండి 2014 మోడల్ డీజిల్ స్విఫ్ట్, టైర్లు 185/65 ఆర్15. దించే స్ప్రింగుల (బండి ఎత్తు తగ్గించేవి) మీద ఇప్పటికి 52,000 కిలోమీటర్లు తిరిగింది. మొదటి 11,000 కంపెనీ షాకులతో (షాకు అంటే షాక్ అబ్జార్బర్, స్ప్రింగు ఊపుని ఆపేది), మిగతా 41,000 పొట్టి గ్యాస్ షాకులతో. స్ప్రింగులు మాత్రం మొదటినుంచీ అవే. అందుకే షాకు మారితే ఏం మారుతుందో విడిగా తెలిసింది. వాడకం చాలావరకు విజయవాడ–గుంటూరు హైవే, మిగతాది రెండు ఊళ్ల సందులూ, అమరావతి వైపు నల్లరేగడి నేలల్లో ఎగుడుదిగుడైన రోడ్లూ.

ముందే చెప్పేస్తున్నా: స్ప్రింగులకే డబ్బులు అయిపోయి "షాకుల సంగతి తర్వాత చూద్దాం" అనుకుంటుంటే ఇప్పుడే దించకండి. ఆగి రెండూ ఒకేసారి కొనండి.

ఈ బండికి ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే షాకూ స్ప్రింగూ ఒకే సెట్టు. వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనీ కలిపే అడ్డ దూలం), అక్కడ స్ప్రింగు వేరు, షాకు వేరు. బండి 35 మి.మీ. దిగితే షాకు రాడ్డు కూడా దాదాపు అంత మేర లోపలికి దిగి కూర్చుంటుంది. గుంతలో పడ్డప్పుడు రాడ్డు దిగడానికి మిగిలేది తక్కువ, అది కాస్తా అయిపోగానే బంప్ స్టాప్‌కి, అంటే రాడ్డుని ఆపే రబ్బరులాంటి దిమ్మకి తగులుతుంది. బంప్ స్టాప్ కూడా స్ప్రింగే, కాకపోతే చాలా గట్టిది. "స్ప్రింగులు రాయిలా ఉన్నాయి" అని తిట్టేవాళ్లలో సగం మంది నడుపుతున్నది బంప్ స్టాప్ మీద.

కంపెనీ షాకులతో 11,000 కిలోమీటర్లలో జరిగింది సరిగ్గా ఇదే. ముందు కుడి షాకు సీలు దగ్గర ఆయిల్ చెమ్మ, రెండింటిలోనూ బంప్ స్టాప్ చివర చిట్లి పొడిపొడి. హైవేలో వంతెన జాయింట్లు దాటాక ముక్కు మూడుసార్లు ఊగి కానీ నిలబడేది కాదు. ఊగడానికి ఇంకో కారణం ఉంది. స్ప్రింగు 25 శాతం గట్టిదైతే, ఊపును అంతే చక్కగా ఆపడానికి షాకుకి సుమారు 12 శాతం ఎక్కువ పట్టు కావాలి (స్ప్రింగు గట్టిదనం వర్గమూలం లెక్కన పెరుగుతుందది). కంపెనీ షాకు తన పాత స్ప్రింగుకి తగ్గట్టు తయారైంది, అప్పటికే అరిగింది కూడా.

వెనకది ఇంకో రకం తంటా. జాకీ వేసి లేపితే చక్రం కంపెనీ షాకు పొడవున్నంతా కిందికి వేలాడుతుంది, పొట్టి స్ప్రింగు మాత్రం సీట్లో వదులై చేత్తో తిప్పితే తిరుగుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వచ్చే "టక్" శబ్దం దానిదే. పొట్టి షాకు వేశాక చక్రం అంత వేలాడదు, స్ప్రింగు ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది. షాపులో బండి లేపినప్పుడే నాలుగు స్ప్రింగులూ తిప్పి చూడండి. ఏ ఒక్కటి కదిలినా షాకులు తప్పని తేలిపోయినట్టే.

కొనేటప్పుడు పెట్టె మీద పేరు కాదు, రెండు కొలతలు అడగండి: పూర్తిగా చాచినప్పటి పొడవు, పూర్తిగా నొక్కినప్పటి పొడవు. రెండూ కంపెనీ షాకు కంటే తక్కువ ఉంటేనే దించడానికి పనికొచ్చే షాకు. కొన్ని బ్రాండ్లు పేరులోనే చెప్పేస్తాయి. బిల్‌స్టీన్‌లో బి4 కంపెనీ షాకుకి బదులు వేసేది, బి6 అదే పొడవులో గట్టిది, బి8 అంటే పొట్టి చేసిన బి6. "గ్యాస్ షాక్" అన్నంత మాత్రాన పొట్టిది కాదు. కంపెనీ పొడవులో గ్యాస్ షాకులు దండిగా దొరుకుతాయి.

మోనో ట్యూబా, ట్విన్ ట్యూబా అన్నదానికి నా ఓటు మన రోడ్లకి ట్విన్ ట్యూబ్ గ్యాస్‌కే. మోనో ట్యూబ్ వేడిని బాగా వదిలేస్తుంది, మే నెల ఎండలో గంటసేపు గతుకుల మీద తోలినా పట్టు తగ్గదు. కానీ దానికి బయటి గొట్టమే పిస్టన్ నడిచే దారి. రాయి తగిలి చిన్న సొట్ట పడితే షాకు పోయినట్టే. ట్విన్ ట్యూబ్‌కి లోపల ఇంకో గొట్టం ఉంటుంది కాబట్టి చిన్న సొట్టలు ఓర్చుకుంటుంది, తక్కువ స్పీడులో మెత్తగానూ ఉంటుంది. కాయిల్‌ఓవర్ల (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు–షాకు సెట్లు) జోలికి వెళ్లలేదు. రోజూ ఆఫీసుకెళ్లే బండికి అవి దండగ.

స్ప్రింగుల విషయంలో ఒకటే జాగ్రత్త: డీజిల్ బండికి డీజిల్ స్ప్రింగే. డీజిల్ ఇంజను బరువెక్కువ. పెట్రోలుది వేస్తే ముక్కు ఇంకా దిగిపోతుంది. ఏ ముందు యాక్సిల్ బరువుకో స్ప్రింగు కాగితంలో రాసి ఉంటుంది, చదవండి. ఆటోనగర్‌లో గ్రైండరు పెట్టి ఒక చుట్టు కోసి ఇస్తామనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అయిదు పనిచేసే చుట్లలో ఒకటి తీసేస్తే మిగిలిన స్ప్రింగు ఒకటింపావు రెట్లు గట్టిదవుతుంది, కోసిన మొన సీట్లో సరిగా కూర్చోదు. గ్యాస్ మంటతో కాల్చి దించడం ఇంకా ఘోరం. కాలిన చోట ఉక్కు సత్తువ పోయి కొన్నాళ్లకి ఒక పక్కకి వాలుతుంది.

బిగింపులో తప్పులు జరిగే చోట్లు చెబుతా. ట్విన్ ట్యూబ్ షాకుని నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు మెల్లగా నొక్కి చాచాలి, లేకపోతే పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి మొదటి రోజుల్లో గుటక శబ్దం చేస్తుంది. పై నట్టుకి ఎయిర్ గన్ వాడనివ్వకండి. రాడ్డు గిర్రున తిరిగితే సీలు గీసుకుపోతుంది. రాడ్డుని ప్లయరుతో పట్టుకుంటే మెరుపు పూతకి గాటు పడి, ఆ గాటే సీలుని కోస్తుంది. టాప్ మౌంటు (స్ట్రట్ పై కొసని బాడీకి బిగించేది), బేరింగు, దుమ్ము కవరు కొత్తవి వేయించండి. కవరు చిరిగితే రాడ్డు మీద ఎండిన నల్లరేగడి బురద గరుకు కాగితంలా పనిచేస్తుంది. షాకు తయారీదారు కోయమంటేనే బంప్ స్టాప్ కోయాలి, అదీ లావు వైపునుంచే. సన్న మొన అలాగే ఉంచాలి. నావి 20 మి.మీ. కోసినవి.

అందరూ మరిచేది బుష్షులు, అంటే కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు. లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని కింద బండికి కలిపే చెయ్యి) బుష్షు, వెనక బీమ్ బుష్షు బోల్టులు బండి గాల్లో ఉండగా బిగిస్తే, కిందికి దించగానే లోపలి రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. ఏడాదిలో చిరుగుతుంది. చక్రాలు నేల మీద, బరువు మొత్తం పడ్డాకే ఆఖరి బిగింపు. బండి చక్రాల మీదే నిలబెట్టి, కింద తవ్విన గుంతలోంచి పని చేసే షాపు చూసుకుంటే ఇది తేలిక.

ఎత్తు కొలిచేటప్పుడు చక్రం మధ్యనుంచి ఫెండరు అంచు దాకా కొలవండి, టైరు గాలి లెక్కలోకి రాదు. పెట్టెలో 35 అని ఉన్నా ముందు 37, వెనక 30 దిగింది. మొదటి వెయ్యి కిలోమీటర్లలో ముందు ఇంకో 4, వెనక 2 సర్దుకుంది. అలైన్‌మెంటు రెండుసార్లు చేయించింది అందుకే: బిగించిన రోజు ఒకటి, వెయ్యి తర్వాత ఒకటి. ముందు క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం వాలు) సుమారు మైనస్ 1 డిగ్రీకి వచ్చింది, దాన్ని వదిలేశా. టైరు లోపలి అంచుని తినేది ముఖ్యంగా టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం. అది సరిగ్గా ఉంచితే 40,000 దాకా అరుగుదల సమానంగానే ఉంది.

స్పీడ్ బ్రేకర్ల సంగతికొస్తే, ఈ స్విఫ్ట్‌కి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్ 170 మి.మీ. దించాక 135 అనుకోండి. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం. 2,430 మి.మీ. వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) బండి దాని నడినెత్తిన ఉన్నప్పుడు పొట్ట కింద పోయేది 43 మి.మీ. మాత్రమే. ఇబ్బందే లేదు. కానీ కాలనీవాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో పోసే అడుగున్నర వెడల్పు దిమ్మెలకి ప్రమాణం ఏముంది? ముందు చక్రాలు దిగి, వెనకవి ఎక్కకముందు దిమ్మె ఎత్తంతా పొట్ట కిందే ఉంటుంది. 13 సెం.మీ. దాటితే గీరుకోవడం ఖాయం. అయిదుగురు ఎక్కితే 10 సెం.మీ. దిమ్మె దగ్గర కూడా వెనక కూర్చున్నవాళ్లు దిగి నడవాల్సిందే, లేదా ఏటవాలుగా దాటించాలి.

ఇంకా దించుదామా అంటే వద్దు. ఇంతకంటే దిగితే ఈ రకం స్ట్రట్‌లో లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. బండి బరువు కేంద్రం దిగినదానికంటే రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువ దిగి, మలుపులో ఒరిగే గుణం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. కింద కనబడటం తప్ప లాభం లేదు. చట్టం మాటకొస్తే, మార్పులకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. ఇన్సూరెన్సువాళ్లకి ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

పొట్టి షాకులతో 41,000 తర్వాత: నాలుగూ పొడిగా ఉన్నాయి, జాయింట్ల మీద ఒక్క ఊపులో నిలబడుతోంది. 30,000 దగ్గర స్టెబిలైజర్ (మలుపులో ఒరుగుని తగ్గించే కడ్డీ) లింక్ రాడ్లు రెండూ మార్చాల్సి వచ్చింది. 35,000 దగ్గర ఎడమ దుమ్ము కవరు ఒకటి. ఖాళీ బండితో 40 లోపు స్పీడులో గతుకులు బాగానే తెలుస్తాయి, 70 పైన కంపెనీ బండి కంటే హాయిగా ఉంటుంది. రోజూ అయిదుగురితో తిరిగే ఇల్లయితే 35 వద్దు, 20–25 దించే స్ప్రింగు వెతకండి. అప్పుడు కూడా షాకు కొలతలు అడగడం మానకండి.