ప్యాకార్డ్‌కి ఏ దారి మేలు? పేరు కాపాడుకోవడమా, ఫ్యాక్టరీ కాపాడుకోవడమా

ఒకప్పుడు ఖరీదైన కార్లకు పేరున్న అమెరికన్ కంపెనీ ప్యాకార్డ్ ఎందుకు పోయిందని పాత అమెరికన్ కార్లంటే ఇష్టపడేవాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "1935లో చవక కారు తెచ్చి పేరు పాడు చేసుకుంది." నేనూ చాలాకాలం ఇదే నమ్మాను. దాని పోటీదారు, జనరల్ మోటార్స్ వాళ్ల క్యాడిలాక్ చరిత్రను పక్కన పెట్టుకుని చదివాక ఆ నమ్మకం నిలవలేదు. ప్యాకార్డ్‌కి పెద్ద నిర్ణయాలు తీసుకోవాల్సిన సమయం మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ వేరే దారి ఉంది, ఆ దారిలో నడిచిన కంపెనీ కూడా ఉంది. అందుకని ఒక్కో సందర్భంలో ఏది మేలో తూచి చూడటానికి వీలుంది.

ముందు ఆ పేరుకి ఎంత బరువుండేదో చెప్పాలి. ఒహాయో రాష్ట్రంలోని వారెన్ అనే ఊళ్లో జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్ ఒక వింటన్ కారు కొన్నాడు. అది తరచూ మొరాయించేది. లోపాలు చెప్పడానికి వెళ్తే, అంత తెలిస్తే నువ్వే ఒకటి చేసుకో అని ఆ కారు తయారీదారు అలెగ్జాండర్ వింటన్ అన్నాడని కథ. 1899లో జేమ్స్, అతని అన్న విలియం కలిసి నిజంగానే కారు చేశారు. 1903లో కంపెనీ డెట్రాయిట్‌కి మారింది. అక్కడ ఆల్బర్ట్ కాన్ గీసిన ఫ్యాక్టరీ పెరిగి పెరిగి 35 లక్షల చదరపు అడుగులైంది. 1915లో 12 సిలిండర్ల ట్విన్ సిక్స్ వచ్చింది. 1921లో ప్రమాణ స్వీకారానికి కారులో వెళ్లిన మొదటి అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ ఎక్కింది ప్యాకార్డ్‌నే. "ఈ కారు ఉన్నవాళ్లనే అడగండి" అన్నది వాళ్ల ప్రకటన. పొగడ్తను కొనుక్కున్నవాళ్ల నోటికే వదిలేశారు. నాకు తెలిసిన కార్ల ప్రకటనల్లో ఇంత ధీమా ఉన్నది ఇంకోటి లేదు. 1920ల రెండో సగంలో ఖరీదైన కార్ల అమ్మకాల్లో క్యాడిలాక్ దీని వెనకే ఉండేది.

1935: సొంత పేరుతో చవక కారా, వేరే పేరుతోనా?

1929లో మార్కెట్ కుప్పకూలాక రెండు మూడు వేల డాలర్లు పెట్టి కారు కొనేవాళ్లు కరువయ్యారు. 1934లో ప్యాకార్డ్ ఉత్పత్తి పదివేలలోపే. అప్పుడు దాని ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, కిందికి దిగకుండా పైనే ఉండిపోవడం. ప్యాకార్డ్‌తో సమానంగా పరువున్న పియర్స్ యారో అదే చేసింది, 1938లో మూతపడింది. మార్మన్ అంతకుముందే పోయింది. డ్యూసెన్‌బర్గ్ 1937లో పోయింది. కార్ల అందం గురించి మాట్లాడితే నా ఓటు వీటికే. కానీ జీతాలివ్వాల్సిన కంపెనీకి ఇది దారి కాదు.

రెండోది జనరల్ మోటార్స్ ఎంచుకున్నది. క్యాడిలాక్ పరువుకి దెబ్బ తగలకుండా 1927లోనే లాసాల్ అని వేరే పేరు పెట్టి తక్కువ ధరకి అమ్మింది. వినడానికి తెలివైన పద్ధతి. అయితే కొత్త పేరుని జనం మనసులో నాటాలంటే చాలా డబ్బు, చాలా ఏళ్లు కావాలి. షెవర్లే, బ్యూక్ తెచ్చే లాభాలు వెనకుంటే ఆ ఖర్చు భరించవచ్చు. ప్యాకార్డ్‌కి వెనక ఎవరూ లేరు.

మూడోది ప్యాకార్డ్ చేసింది. 1935లో వన్ ట్వంటీ అనే కారుని వెయ్యి డాలర్ల దగ్గర, తన పేరుతోనే మార్కెట్లో పెట్టింది. 120 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), అందుకే ఆ పేరు. హైడ్రాలిక్ బ్రేకులు, ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్, వరసగా ఎనిమిది సిలిండర్లు. నాసిరకం బండి కాదు. పెద్ద సంఖ్యలో కార్లు చేయడం తెలిసిన జార్జ్ క్రిస్టఫర్ లాంటివాళ్లను జనరల్ మోటార్స్ అనుభవం ఉన్నవాళ్లలోంచి తెచ్చుకుంది. అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. ఇంకా చవకైన ఆరు సిలిండర్ల కారు కూడా కలిశాక, 1937లో ఉత్పత్తి లక్ష దాటింది.

పేరు పాడైందనేవాళ్లు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. 1941 మోడల్‌తో క్యాడిలాక్ ఏం చేసిందో కూడా చూడాలి. లాసాల్‌ని ఆపేసి, దాని చోట దాదాపు అదే ధరల్లో సిరీస్ 61 అనే కారుని క్యాడిలాక్ పేరుతోనే తెచ్చింది. అంటే ఆరేళ్లు ఆలస్యంగా ప్యాకార్డ్ దారిలోకే వచ్చింది. ఆ ఏడాది క్యాడిలాక్ అమ్మకాలు బాగా పెరిగాయి. పరువేమీ పోలేదు.

కాబట్టి 1935 వరకు నా తీర్పు స్పష్టం: ప్యాకార్డ్ చేసిందే మేలు. వన్ ట్వంటీ లేకపోతే ప్యాకార్డ్ కూడా పియర్స్ యారో వెంటే పోయేది. తేడా వచ్చింది చవక కారు దగ్గర కాదు, దాని పైన ఉన్న కార్ల దగ్గర. క్యాడిలాక్‌లో అతి చవకది కొన్నా అతి ఖరీదైనదాని పోలికలే కనిపించేవి, పైనున్న కార్లు ఏటా ఇంకాస్త పైకి వెళ్లేవి. ప్యాకార్డ్‌లో చవక కార్ల లెక్క పెరిగేకొద్దీ పెద్ద కార్ల మీద శ్రద్ధ తగ్గుతూ వచ్చింది.

1946: పైకి ఎక్కడమా, లెక్క పెంచడమా?

ప్యాకార్డ్ మీద నాకు నిజంగా కోపం వచ్చేది ఈ సందర్భంలోనే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కంపెనీ రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజిన్లు 55 వేలకు పైగా చేసింది. మస్టాంగ్ యుద్ధ విమానాలకు పేరు తెచ్చింది ఆ ఇంజినే. యుద్ధం ముగిసేసరికి కంపెనీ చేతిలో డబ్బుంది, పనితనంలో ఎవరికీ తీసిపోమని రుజువైంది, ఏ కారు చేసినా కొనడానికి జనం వరసలో నిలబడి ఉన్నారు. కొరత ఒక్క ఉక్కుకే. కొద్దిపాటి ఉక్కే దొరుకుతున్నప్పుడు ఒక్కో కారు మీద ఎక్కువ మిగిలే పెద్ద కార్లు చేయడం మేలా, తక్కువ మిగిలే చిన్నవి చేయడం మేలా? లెక్క తెలిసిన ఏ వ్యాపారైనా చెప్పగలడు. ప్యాకార్డ్ ఆ ఉక్కుని మధ్యతరగతి కార్లకు, చివరికి టాక్సీలకు కూడా పోసింది. అప్పటికి కంపెనీ అధ్యక్షుడు క్రిస్టఫర్. అతనికి తెలిసిన విద్య ఎక్కువ కార్లు చేయడం. 1935లో కంపెనీని బతికించిన ఆ విద్యే 1946లో కాలానికి సరిపోలేదు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. క్యాడిలాక్ ఆ పని చేసింది. 1948లో తోక రెక్కల డిజైన్ తెచ్చింది. 1949లో పై వాల్వుల కొత్త వి8 ఇంజిన్ (ఎనిమిది సిలిండర్లు V ఆకారంలో రెండు వరసల్లో ఉండేది) 160 హార్స్‌పవర్‌తో వచ్చింది. 1950లో క్యాడిలాక్ ఉత్పత్తి మొదటిసారి లక్ష దాటింది. ప్యాకార్డ్ 1948లో తన పాత క్లిప్పర్ కారు బాడీకే మందంగా రేకు తొడిగింది. జనం దానికి పెట్టిన పేరు గర్భిణి ఏనుగు. పాత వరస ఎనిమిది సిలిండర్ల ఇంజినే 1954 దాకా నడిచింది.

ఒక మంచి పని కూడా జరిగింది. 1949లో అల్ట్రామేటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను సొంతంగా తయారు చేసుకుంది. పెద్ద మూడు కంపెనీలకు (జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్) బయట ఉన్నవాళ్లలో అలా చేసింది ఇదొక్కటే. ఒక వేగం అందుకున్నాక ఇంజిన్‌నీ చక్రాలనీ నేరుగా కలిపేసే లాకింగ్ క్లచ్ అందులో ఉండేది. ఆ తరహా క్లచ్ ఇప్పుడు ఆటోమేటిక్ కార్లలో మామూలైపోయింది. ఇంత తెలివైన ఇంజనీర్లున్న కంపెనీ వి8 తేవడానికి 1955 దాకా ఆగింది. కొనేవాళ్లు గేర్‌బాక్స్ వేరేవాళ్లదైతే పట్టించుకునేవాళ్లు కాదు, ఇంజిన్ పాతదైతే మాత్రం పట్టించుకున్నారు. ఉన్న డబ్బు ముందు ఇంజిన్ మీద పెట్టి, గేర్‌బాక్స్ బయట కొనుక్కోవాల్సింది.

1954: ఎవరితో కలవాలి, ఎలా కలవాలి?

1953, 54ల్లో ఫోర్డ్, షెవర్లే పోటీ పడి కార్లు కుమ్మరించాయి. డీలర్లు నష్టానికైనా అమ్మేశారు. ఆ తొక్కిసలాటలో నలిగిపోయింది చిన్న కంపెనీలు: నాష్, హడ్సన్, స్టూడిబేకర్, ప్యాకార్డ్. ఈ నాలుగూ ఒక్కటి కావాలని నాష్ అధినేత జార్జ్ మేసన్ కోరిక. నాలుగూ కలవలేదు, రెండేసి కలిశాయి.

1954 మేలో నాష్, హడ్సన్ కలిసి అమెరికన్ మోటార్స్ అయ్యాయి. అక్టోబర్‌లో ప్యాకార్డ్ స్టూడిబేకర్‌ని కొన్నది. అదే నెలలో మేసన్ చనిపోయాడు. అతని చోట వచ్చిన జార్జ్ రామ్నీకి, ప్యాకార్డ్‌ని నడుపుతున్న జేమ్స్ నాన్స్‌కి పొసగలేదు.

పైకి చూస్తే ప్యాకార్డ్ చేసుకున్న జత బాగుంది. పెద్ద కార్ల కంపెనీ ఒకటి, చిన్న కార్లూ ట్రక్కులూ చేసే కంపెనీ ఒకటి, పైగా స్టూడిబేకర్‌కి బోలెడంత మంది డీలర్లు. లోపలి లెక్కలు వేరు. స్టూడిబేకర్ నష్టం లేకుండా నడవాలంటే ఏటా 2 లక్షల 80 వేలకు పైగా కార్లు అమ్మాలని కొన్నాక తేలింది. అప్పుడు అమ్ముతున్నది లక్ష కూడా లేదు. ఇద్దరూ ఈత రానివాళ్లే అయినప్పుడు ఒకరినొకరు పట్టుకుంటే ఏమవుతుందో అదే అయింది. కొనే ముందు ఆ పుస్తకాలు సరిగ్గా చూసుకోకపోవడం క్షమించరాని తప్పు.

మరో దెబ్బ బాడీల దగ్గర తగిలింది. ప్యాకార్డ్ బాడీలు చేసిపెట్టే బ్రిగ్స్ కంపెనీని క్రైస్లర్ కొనేసింది. నాన్స్ హడావుడిగా కానర్ అవెన్యూలోని ఇరుకు ఫ్యాక్టరీని లీజుకు తీసుకుని, బాడీల తయారీ, కార్ల బిగింపు రెండూ అక్కడికే మార్చాడు. 1955 మోడల్ మీద కంపెనీ ప్రాణం ఆధారపడి ఉంది. కొత్త వి8 వచ్చింది. టార్షన్ లెవెల్ సస్పెన్షన్ వచ్చింది: ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ కలుపుతూ కారు పొడవునా సాగే ఉక్కు కడ్డీలు, వెనక బరువు పెరిగితే కొన్ని సెకన్లలో కారుని మళ్లీ సమంగా నిలబెట్టే ఎలక్ట్రిక్ మోటారు. ఆ ఏడాది అమెరికాలో ఇంతకంటే సాఫీగా నడిచే కారు లేదని నా అభిప్రాయం. కానీ ఇరుకు ఫ్యాక్టరీలోంచి వచ్చిన కార్లలో బిగింపు లోపాలు, మరమ్మతులు ఎక్కువయ్యాయి. ప్యాకార్డ్ కొనేవాడు కొత్తదనం లేకపోయినా ఓర్చుకుంటాడేమో, పనితనం లేకపోతే ఓర్చుకోడు. 1956లో క్యాడిలాక్ ఒకటిన్నర లక్షలకు పైగా కార్లు చేస్తే ప్యాకార్డ్ చేసింది 30 వేల లోపే. కొత్త మోడల్‌కి అప్పివ్వమంటే ఇన్సూరెన్స్ కంపెనీలు కుదరదన్నాయి. 1956 జూన్‌లో డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ ఆగిపోయింది. తర్వాత రెండేళ్లు స్టూడిబేకర్ కార్లకే ప్యాకార్డ్ పేరు తగిలించి అమ్మారు. 1958 కార్ల ఫోటోలు చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది. పేరు ఒక్కటే మిగిలిందని చూడగానే తెలిసిపోతుంది.

నాష్, హడ్సన్ వైపు జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. రామ్నీ పేరుని పట్టుకుని కూర్చోలేదు. హడ్సన్ డెట్రాయిట్ ఫ్యాక్టరీని 1954లోనే మూసి పనంతా విస్కాన్సిన్‌లోని కెనోషాకి మార్చాడు. 1957 తర్వాత నాష్ పేరూ తీసేశాడు, హడ్సన్ పేరూ తీసేశాడు. హడ్సన్ హార్నెట్ నాస్కార్ రేసుల్లో ఎదురులేకుండా పరిగెత్తి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. డెట్రాయిట్‌లో దాన్ని చేసినవాళ్ల ఉద్యోగాలు పోయాయి. ఈ దారి మంచిదంటున్నప్పుడు ఆ సంగతి దాచకూడదు. కానీ మిగిలిన డబ్బంతా ర్యాంబ్లర్ అనే చిన్న కారు మీద పెట్టాడు. పెద్ద మూడు కంపెనీలు అప్పటికి చిన్న కార్ల జోలికి రాలేదు. 1958 మాంద్యంలో అందరి అమ్మకాలు పడిపోతుంటే ర్యాంబ్లర్ పెరిగింది. 1961లో షెవర్లే, ఫోర్డ్ తర్వాత మూడో స్థానానికి చేరింది.

స్టూడిబేకర్ 1959లో లార్క్ అనే చిన్న కారుతో ఇదే పని చేసి ఒకటి రెండేళ్లు ఊపిరి పీల్చుకుంది. తర్వాత పెద్ద కంపెనీల చిన్న కార్లు దిగాయి. 1963 డిసెంబర్‌లో సౌత్ బెండ్ ఊళ్లోని స్టూడిబేకర్ ఫ్యాక్టరీ మూసేశారు. పింఛను నిధిలో డబ్బు చాలక, 40 నుంచి 59 ఏళ్ల వయసున్న దాదాపు 4 వేల మందికి రావాల్సినదాంట్లో సుమారు 15 శాతమే దక్కింది. కార్మికుల పింఛన్లను కాపాడటానికి 1974లో అమెరికా చేసిన చట్టం వెనక ఈ ఉదంతం ఉంది.

అమెరికన్ మోటార్స్ 1970లో జీప్‌ని కొన్నది. మన దగ్గర 1940ల చివర్లో మహీంద్రా బిగించడం మొదలుపెట్టి, తర్వాత పోలీసు స్టేషన్లలో, తహసీల్దారు ఆఫీసుల్లో నిలిచిన జీపుల వంశమే అది. 1987లో క్రైస్లర్ అమెరికన్ మోటార్స్‌ని కొనడానికి ముఖ్య కారణం కూడా జీపే.

1954లో ప్యాకార్డ్ అధినేత కుర్చీలో ఉంటే ఏది ఎంచుకోవాలి? ప్యాకార్డ్ మీద ఎంత ప్రేమున్నా నేను రామ్నీ దారే మేలంటాను. ప్యాకార్డ్ పేరుని పైస్థాయిలో నిలబెట్టే అవకాశం 1946 నుంచి 1949 లోపల ఉండింది. ఆ నాలుగేళ్లు దాటాక ఆ పేరుని మోయడానికి సరిపడా డబ్బు చిన్న కంపెనీలన్నీ కలిసినా లేదు. పేరు కోసం పోరాడిన డెట్రాయిట్ ఫ్యాక్టరీలో రెండేళ్లలోపే కార్ల పని ఆగిపోయింది. పేర్లు వదులుకున్న కెనోషాలో కార్ల తయారీ 1988 దాకా, ఇంజిన్ల తయారీ 2010 దాకా సాగింది.