హావ్‌లాక్‌లో డైవింగ్ పడవ: సేవ బాగుంది, పేచీ అంతా ఇనాము డబ్బాతోనే

నల్లగొండ నుంచి మేము నలుగురం, అంటే నేను, మా బామ్మర్ది, మా కళాశాలలోనే పాఠాలు చెప్పే ఇద్దరు మిత్రులు, మొన్న జనవరిలో అండమాన్ వెళ్లి, హావ్‌లాక్ దీవిలో (2018 చివరి నుంచి దాని అధికారిక నామం స్వరాజ్ ద్వీప్) ఒక డైవింగ్ (వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం అడుగున తిరగడం) కేంద్రం వారి పడవలో సగం రోజు గడిపి వచ్చాము. నీటి అడుగున కనిపించే చేపల గురించి చాలామంది రాశారు. వెళ్లే ముందు మాకు ఎవరూ చెప్పనిది వేరొకటి ఉంది: పడవ మీద పనిచేసేవారికి ఇనాము (టిప్పు) ఇవ్వాలా, ఇస్తే ఎంత, ఎవరి చేతికి, ఎప్పుడు? ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందుగా సేవ. మనిషికి 6,500 రూపాయలు తీసుకున్నారు. డబ్బు కట్టించుకునే ముందే తిరుగు విమానం ఎప్పుడని అడిగారు. నీటి ఒత్తిడిలో రక్తంలో కరిగిన నైట్రోజన్ పూర్తిగా బయటకు పోకముందే ఎత్తుకు వెళితే అది బుడగలుగా మారి ప్రాణం మీదికి తెస్తుంది కనుక, ఒకే డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినవారు 18 గంటలు విమానం ఎక్కరాదన్నది ఈ రంగంలో పాటించే నియమం. ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్యల గురించి కాగితం నింపించి, దానిని నిజంగానే చదివారు. మా నలుగురిలో ఇద్దరికి ఈత రాదు. కొత్తవారు 12 మీటర్లు దాటి దిగకూడదు కనుక, ఒక్కొక్కరికి ఒక్కో శిక్షకుణ్ణి జతచేసి, ఆ హద్దులోనే తిప్పి తీసుకువచ్చారు. ఇంత శ్రద్ధ ఊహించలేదు.

ఇక పడవ. మన నాగార్జునసాగర్ లాంచీలో ఎట్లా సరంగు (పడవ నడిపేవాడు) ఒకరు, కలాసీలు (పడవ మీద పనివారు) ఇద్దరు ఉంటారో, ఇక్కడా అట్లాగే ఉన్నారు. పని మాత్రం పదింతలు. ఒక్కో సిలిండర్ బరువు సుమారు పదిహేను కిలోలు. వాటిని బండిలో నుంచి దింపి, మోకాలి లోతు నీళ్లలో నడిచి, పడవలోకి ఎక్కించేది ఆ కలాసీలే. లంగరు వేసేది, మన వీపుకు సిలిండర్ తగిలించేది, తిరిగి పైకి వచ్చాక నీళ్లలో నుంచే దానిని విప్పి లాగేది, సాయంత్రం సామాను మొత్తం మంచినీళ్లతో కడిగి ఆరబెట్టేది కూడా వారే. పడవ ఊగుడుకు మా బామ్మర్ది పొద్దున తిన్న పూరీలన్నీ కక్కుకుంటే, ఒక కుర్రాడు ముఖం చిట్లించకుండా నడుము పట్టుకుని నిలబెట్టి, బల్ల కడిగి, తాగడానికి నిమ్మరసం కలిపి ఇచ్చాడు.

ఒడ్డున ఉండిపోయే మనిషి ఒకడున్నాడు, అతడు ఎవరికీ కనిపించడు. కంప్రెసర్ (గాలిని ఒత్తి నింపే యంత్రం) దగ్గర సిలిండర్లు నింపేవాడు. చాలామంది దానిని ఆక్సిజన్ సిలిండర్ అంటారు కానీ, అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. దానిని వడగట్టి, సుమారు 200 బార్ల ఒత్తిడికి, అంటే కారు టైరులో ఉండే ఒత్తిడికి దాదాపు తొంభై రెట్లకు నింపుతారు. కంప్రెసర్ గాలి పీల్చే చోటికి ఇంజను పొగ చేరిందంటే సిలిండర్‌లోకి విషవాయువు వెళుతుంది. మన ఊపిరి అతని జాగ్రత్త మీద ఆధారపడి ఉన్నదని నాకు తిరిగి వచ్చిన తరువాత గాని తట్టలేదు.

ఇనాము విషయంలో మనవైపు పద్ధతులు వేరు. హోటల్లో సోంపు గింజల ప్లేటులో చిల్లర వదిలేస్తాము, ఫంక్షన్ హాలులో వడ్డించిన కుర్రాళ్లకు పెండ్లివారు చాయ్ తాగమని ఎంతో కొంత ఇస్తారు. కానీ సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసి వచ్చేవారిలో సరంగు చేతిలో పది రూపాయలు పెట్టినవారిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ అలవాటుతోనే మేము పడవ దిగాము. డైవింగ్ లోకంలోనైనా అంతటా ఒకే పద్ధతి లేదు. అమెరికాలో ఒక్కో సిలిండర్‌కు అయిదు నుంచి పది డాలర్లు ఇవ్వడం మామూలు. రోజుల తరబడి సముద్రం మీదే ఉండే పడవల్లో ప్రయాణ రుసుములో సుమారు పదోవంతు ఇస్తారు. జపాన్‌లో అసలు ఆ ఆచారమే లేదు. అండమాన్‌లో ఎవరూ నోరు తెరిచి అడగరు, ఇస్తే సంతోషిస్తారు.

మేము మూడు పొరపాట్లు చేశాము. మొదటిది, మా మిత్రుడొకరు పడవ మీదే, అందరూ చూస్తుండగా తన శిక్షకునికి అయిదు వందల నోటు ఇచ్చారు. మిగతా ముగ్గురు శిక్షకులు, ఇద్దరు కలాసీలు సముద్రం వైపు ముఖం తిప్పుకున్నారు. రెండవది, ఇంకొకరు ఒక కలాసీ కుర్రాడితో, అడుగున కనిపించిన పగడపు ముక్కను పైకి తెచ్చిపెడితే వేరుగా ఇస్తామని మాటవరసకు అన్నారు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నవి. వాటిని ముట్టుకోవడమే తప్పని ఆ కుర్రాడు మర్యాదగా, కానీ గట్టిగా చెప్పాడు. ఇనాముకు, లంచానికి ఉన్న తేడాను అధ్యాపకులమైన మాకు ఒక కలాసీ గుర్తుచేయవలసి వచ్చింది.

మూడవది నాది. కేంద్రం బల్ల మీద ‘టిప్స్’ అని రాసిన డబ్బా ఉంటే, నలుగురి తరఫున రెండు వేలు అందులో వేసి, అందరికీ అందుతుందిలే అనుకున్నాను. మరునాడు జెట్టీ దగ్గర, నిన్న బామ్మర్దిని పట్టుకున్న ఆ కుర్రాడే కనిపించి తెలుగులో పలకరించాడు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డారట. మాటల మధ్య డబ్బా సంగతి ఎత్తితే, అతడు కొంచెం తటపటాయించి, “అది నెలాఖరుకి గానీ తీయరు సార్. ముందు నీళ్లలోకి దిగేవోళ్లకి, మిగిలింది మాకు. కంప్రెసర్ అన్నకి ఒక నెల వస్తాది, ఒక నెల రాదు” అన్నాడు. అతనికీ, రెండవ కలాసీకీ, కంప్రెసర్ మనిషికీ కలిపి మళ్లీ ఆరు వందలు అతని చేతికే ఇచ్చి, పంచుకోమని చెప్పి వచ్చాను. కేంద్రం పేరు రాయకపోవడానికి కారణం ఇదే. పేరు రాస్తే ఈ మాట ఎవరు చెప్పారో యజమానికి ఇట్టే తెలిసిపోతుంది.

ఈ కేంద్రం మీద నా ఫిర్యాదు ఇనాము తీసుకోవడం గురించి కాదు. ధరల పట్టికలో ఫొటోల రుసుము, వీడియో రుసుము వేరువేరుగా అచ్చువేసినవారు, డబ్బాలో పడిన సొమ్ము ఎవరెవరికి ఎట్లా పంచుతారో ఒక్క వాక్యం రాయలేకపోయారు. సమానంగా పంచుతామని రాసి, అట్లాగే పంచితే, వచ్చినవారు ఇంకొంత ఎక్కువే వేస్తారు.

మనవైపు నుంచి వెళ్లేవారికి నా లెక్క ఇది: డైవింగ్‌కు వెళ్లినవారు ఒక్కొక్కరు మూడు వందల నుంచి అయిదు వందలు ఇస్తే సరిపోతుంది. శిక్షకునికి వేరుగా ఇవ్వదలచుకుంటే ఒడ్డుకు వచ్చాక పక్కకు పిలిచి ఇవ్వండి. పడవ వారి వాటా సరంగు చేతిలో పెట్టి, కంప్రెసర్ మనిషికి కూడా అని స్పష్టంగా చెప్పండి. యజమానే శిక్షకుడైతే ఇవ్వనవసరం లేదు. నీళ్లు మసకగా ఉన్నాయని, తాబేలు కనిపించలేదని తగ్గించకండి, అవి వారి చేతిలో లేవు. జాగ్రత్తలో లోపం జరిగితే మాత్రం ఇనాము తగ్గించి ఊరుకోవద్దు, కేంద్రంలో నేరుగా అడగండి.

పడవ మీద ఫోన్లకు సిగ్నల్ అందలేదు, ఫోన్‌పేను నమ్ముకోవద్దు. పోర్ట్ బ్లెయిర్‌లోనే వంద, రెండు వందల నోట్లు తీసుకుని, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. మా బామ్మర్ది చొక్కా జేబులో పెట్టుకున్న నోట్లను హోటల్ గదిలో ఫ్యాను కింద పరచి ఆరబెట్టవలసి వచ్చింది. అయిదుకు నాలుగు మార్కులు. తగ్గించిన ఆ ఒక్కటి డబ్బాకే.