మా ఊరి లైబ్రరీలో హైస్కూలు పిల్లల శనివారాలు: మీ పిల్లల్ని పంపండి

మా ఊరి శాఖా గ్రంథాలయంలో శనివారం సాయంత్రాలు హైస్కూలు పిల్లల కోసం చదివే కార్యక్రమం పెడుతున్నారు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎవరైనా రావచ్చు, ఫీజేమీ లేదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వేసవి శిబిరం అప్పుడు మొదలుపెట్టింది, ఇప్పటికీ మానకుండా వెళ్తోంది. హైస్కూలు గేటుకి ఎదురుగా నాది జెరాక్స్, డీటీపీ షాపు. కరపత్రాలు నా దగ్గరే వేయించారు. అందుకని లోపల ఏం జరుగుతోందో, పిల్లల్ని రప్పించడానికి బయట ఏం చేశారో రెండూ దగ్గరుండి చూశాను. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలున్నవాళ్లకీ, లైబ్రరీలు నడిపేవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

నాలుగున్నరకి పత్రికల బల్లలు గోడవారకి జరిపి చాపలు వేస్తారు. పోటీ పరీక్షలకి చదువుకునేవాళ్లు వెనక గదిలోకి సర్దుకుంటారు. ఒకరు ఒక కథ తీసుకుని రెండు మూడు పేజీలు పైకి చదువుతారు. ఇప్పుడేమవుతుందో అని అందరూ చూస్తున్నచోట ఆపేస్తారు. తరవాత ఏమై ఉంటుందో పిల్లలు తలా ఒకటి చెప్తారు, వాదించుకుంటారు. అసలు కథ కావాలంటే పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి చదువుకోవాల్సిందే. ఉన్నది ఒక్క కాపీ అయితే చీటీలు వేస్తారు.

నాకు బాగా నచ్చింది ఒకటి చెప్తాను. పదో తరగతి కుర్రాడొకడు, ఇంగ్లీషు మీడియం, తెలుగు పైకి చదవమంటే ఒత్తుల దగ్గర తడబడుతున్నాడు. లైబ్రేరియన్ మేడం పిల్లాణ్ణి కూర్చోబెట్టేయలేదు, సరిదిద్దలేదు. వెళ్లి పక్కన చాప మీద కూర్చుని తనొక వాక్యం, వాడొక వాక్యం చదువుతూ పేజీ పూర్తి చేయించారు. ఒక్కరూ నవ్వలేదు. ఆ కుర్రాడు ఇప్పుడు ముందే వచ్చి చాపలు పరుస్తున్నాడు.

చదివినవాళ్లు పోస్టుకార్డంత అట్టముక్క మీద రెండు వాక్యాలు రాసి బీరువా అద్దానికి అంటిస్తారు. బాగుందనే రాయాలన్న రూలేమీ లేదు. ఒక పుస్తకం మీద ఎవరో "మొదటి యాభై పేజీలు బోరు. ఆ తరవాత అన్నం తినడం మర్చిపోయాను" అని రాశారు. అప్పట్నుంచి ఆ పుస్తకం బీరువాలో కనిపించట్లేదు, ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లోనే ఉంటోంది.

ఇక ప్రచారం సంగతి. దీని గురించే ఎక్కువ చెప్పాలి. ఇంత మంచి కార్యక్రమానికి మొదట్లో పిల్లలే రాలేదు. మొదటి కరపత్రం గులాబీ రంగు కాగితం మీద వేశాం. పైన సంస్థ పేరు, దాని కింద అతిథుల పేర్లు, హోదాలు. అడుగున "విద్యార్థినీ విద్యార్థులు అధిక సంఖ్యలో పాల్గొని జయప్రదం చేయవలసిందిగా కోరడమైనది". అక్కడికెళ్తే ఏం చేస్తారన్నది మాత్రం అందులో ఎక్కడా లేదు. స్కూలు వదిలే వేళకి గేటు దగ్గర పంచారు. కాసేపటికి రోడ్డు మీద ఎటు చూసినా గులాబీ కాగితాలే. ఆ శనివారం వచ్చింది లైబ్రరీ పక్కింటి పిల్లలు, మా అమ్మాయి, దాని స్నేహితురాలు.

తరవాత మేడం ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని షాపుకొచ్చారు. ఈసారి మేటరు పిల్లలే రాశారు. "బస్సు దిగాక చూసుకుంటే చేతిలో ఉన్నది నా సంచి కాదు. లోపల ఒక తాళంచెవి, మా వీధి పేరు రాసిన కాగితం. మిగతాది శనివారం నాలుగున్నరకి, లైబ్రరీలో." అంతే. అతిథుల పేర్లు లేవు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, ఒక ఏ4లో ఎనిమిది చీటీలు. ఖర్చు మొదటిదానిలో నాలుగో వంతు కూడా కాలేదు.

ఈసారి గేటు దగ్గర పంచలేదు. పిల్లలు నిలబడే చోట్లన్నీ పిల్లలే చెప్పారు: ట్యూషన్ అరుగులు, సైకిల్ షాపు, నూడుల్స్ బండి, క్రికెట్ ఆడే ఖాళీ స్థలం. స్కూలు ఆటో నడిపే ఆయనొకరు చీటీని తన సీటు వెనక అతికించుకున్నారు. వెనక కూర్చున్న పిల్లలకి ఇల్లు చేరేదాకా కళ్ల ముందు అదే. హెడ్మాస్టర్ గారి అనుమతి తీసుకుని మేడం ఆఖరి పీరియడ్లో క్లాసులకి వెళ్లారు. ఉపన్యాసం ఇవ్వలేదు, కథలో మొదటి పేజీ చదివి వచ్చేశారు. ఆ శనివారం చాపలు చాలక పిల్లలు బల్లల మీదెక్కి కూర్చున్నారు.

ఆడపిల్లల విషయంలో ఇంకో పని చేశారు. చీటీ చూసి పిల్ల వెళ్తానన్నా, ఇంట్లో అమ్మానాన్నలు ఒప్పుకోవాలి కదా. వాళ్లకి విడిగా వాట్సాప్ మెసేజ్ పెట్టారు: "ఆరింటికల్లా వదిలేస్తాం. లైబ్రేరియన్ మేడం అక్కడే ఉంటారు. తీసుకెళ్లడానికి ఎవరైనా వచ్చేదాకా పిల్లల్ని పంపం." మా ఆవిడ టెన్షన్ పడకుండా పంపుతోందంటే ఆ మూడు ముక్కల వల్లే. పిల్లల్ని రప్పించే మాటలు వేరు, పెద్దల్ని ఒప్పించే మాటలు వేరు. రెండూ ఒకే కాగితంలో కుక్కితే ఎవరూ చదవరు.

మన ప్రాంతానికి ఇదేం కొత్త కాదు. 1935లోనే గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి పూనికతో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. చదివేవాళ్లు వస్తారులే అని కూర్చోకుండా వాళ్లున్న చోటికే వెళ్లారు. ఆ కాలువ గట్టు ఊళ్లలో పుట్టిన మనం ఆటో సీటు వెనక ఒక చీటీ అంటించడానికి ఆలోచించక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. ఈ వయసుకి తగ్గ తెలుగు పుస్తకాలు తక్కువ. అయితే చిన్నపిల్లల బొమ్మల కథలు, లేకపోతే పెద్దవాళ్ల నవలలు. పద్నాలుగేళ్ల పిల్లకి నడుమ ఏదీ దొరకదు. ఇంటర్ పిల్లలు కరపత్రంలో ఉన్నారు గానీ చాప మీద లేరు. కాలేజీ, స్టడీ అవర్లు అయ్యేసరికి చీకటి పడుతోంది. వాళ్ల కోసం నెలకో ఆదివారం పొద్దున పెడితే బాగుంటుంది. సభ్యత్వం ఫారం మీద పెద్దవాళ్ల సంతకం కావాలి. అక్కడికొచ్చాక ఆ సంగతి తెలిసి పుస్తకం తీసుకోకుండానే వెళ్లిపోయిన పిల్లల్ని చూశాను, బాధేసింది. చీటీతో పాటే ఫారం కూడా ఇంటికి పంపాలి. బాత్రూం గడియ పట్టదు, ముందు అది బాగుచేయించాలి. ఇవన్నీ అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వెళ్తున్నాయి.

ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలుంటే తప్పకుండా పంపండి. మొదటిసారి స్నేహితుల్లో ఒకరిని జత చేసి పంపితే బెరుకు ఉండదు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారానికి కొత్త చీటీలు రాస్తున్నామని పిల్లలు నిన్న షాపుకొచ్చి చెప్పి వెళ్లారు. చుట్టుపక్కల ఏ లైబ్రరీవాళ్లయినా పెన్ డ్రైవ్ తెచ్చుకుంటే ఆ ఎనిమిది చీటీల ఫైలు ఊరికే ఇస్తాను. ఊరి పేరు, టైము మార్చుకుంటే సరిపోతుంది. కథ మాత్రం మీ పిల్లల చేతే రాయించండి.